సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబు ఆరో తరగతిలో చేరాడు – సలహా కావాలి

పల్నాడు లెక్కల మాస్టారు | జూన్ 17, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదకొండేళ్ల సర్వీసు. ఈ ఏడాది ఆరో తరగతికి క్లాస్ టీచర్ని.

బడి తెరిచిన మూడో రోజు ఒక తల్లి కొడుకును చంకనెత్తుకుని వచ్చి అడ్మిషన్ అడిగింది. బాబుకి పన్నెండేళ్లు. పుట్టగానే ఏడవలేదట, సెరిబ్రల్ పాల్సీ అన్నారట, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. చేతులు వణుకుతాయి. మాట ముద్దగా, చాలా నెమ్మదిగా వస్తుంది. చొంగ కారుతుంది కాబట్టి మెడలో ఎప్పుడూ చిన్న తువ్వాలు ఉంటుంది. ఐదో తరగతి దాకా ఊళ్లో బడి రిజిస్టర్‌లో పేరు ఉంది. బడికి వెళ్లింది మాత్రం నెలకు నాలుగైదు రోజులే.

మా హెచ్‌ఎం గారు వెంటనే చేర్చుకున్నారు. స్టాఫ్ రూమ్‌లో మాత్రం "ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రానికి పంపితే పోయేది కదా, వాళ్లకి ట్రైనింగ్ ఉంటుంది" అన్నారు. రెండో రోజు ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి మా పిల్లలు భయపడుతున్నారన్నారు. ఒకాయన "అంటుకునేదా సార్ అది?" అని అడిగాడు.

వాళ్లకి ఏదో సమాధానం చెప్పి పంపాను. నన్ను బాధపెడుతున్న విషయం వేరే ఉంది. క్లాసులో నలభై ఆరు మంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసి బాబును కూర్చోబెట్టాం. రోజంతా నావైపే చూస్తూ ఉంటాడు. నిన్న రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, హాజరు పిలవడానికి తప్ప ఇన్నాళ్లలో నేను వాడి పేరు ఒక్కసారి కూడా పిలవలేదు. అడిగితే చెప్పలేడేమో, మిగతా వాళ్లు నవ్వుతారేమో అన్న భయం. వాడి మీద జాలితో తప్పించాను అనుకున్నాను కానీ, తప్పించుకున్నది నేనేనేమో.

ఐదు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను. చట్టంలో ఏముందో చదివి వినిపించారు. సోమవారం మూడో పీరియడ్‌లో ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భవిత టీచర్, విజయనగరం | జూన్ 17, రాత్రి 10:25

మాస్టారూ, నేను ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్షలో ఐఈఆర్‌పీగా, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకి నేర్పే టీచరుగా పనిచేస్తున్నాను. ముందుగా భవిత సంగతి. అది బడికి బదులు కాదు. ఫిజియోథెరపీ, స్పీచ్, రోజువారీ పనుల్లో శిక్షణ మా దగ్గర ఇస్తాం. వారంలో ఒకటి రెండు రోజులు మా దగ్గరికి రావచ్చు. వాడి బడి మాత్రం మీదే. మా మండలంలో ఇలాంటి పిల్లలు ఎక్కడెక్కడో ఊళ్లలో ఉన్నారు, ఉన్నది మేము ఇద్దరం, అదీ కాంట్రాక్టు మీద. రోజూ ఆ బిడ్డ ముఖం చూసేది మీరే.

రేపు వెళ్లగానే వాడి పాదాలు చూడండి. ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు వేలాడుతూ ఉంటాయి. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి పాదాలు దేనికీ ఆనకపోతే ఒళ్లంతా బిగుసుకుంటుంది, పడిపోతానేమోనన్న భయంతోనే సగం శక్తి పోతుంది. చేతుల వణుకు కూడా ఎక్కువవుతుంది. రెండు ఇటుకలు గోనెపట్టాలో చుట్టి కాళ్ల కింద పెట్టండి. మోకాళ్లు, నడుము సరిగ్గా వంగి, మడమలు నేలకు ఆనినట్టు ఉండాలి. బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి. ముందు కూర్చోవడం కుదరాలి, చదువు దాని తర్వాతే.

పెన్సిల్‌కి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేయండి. అయినా రాత కష్టమైతే రాతను పట్టుకుని వేలాడకండి. లెక్క వచ్చా అన్నది ఒక ప్రశ్న, చెయ్యి తిరుగుతుందా అన్నది ఇంకో ప్రశ్న. మనం రెండోదానికి మార్కులు వేసి మొదటిది రాదని రాసేస్తాం.

ఇంకో మాట. మధ్యాహ్నం వాడి నీళ్ల సీసా చూడండి. పొద్దున ఎంత ఉందో సాయంత్రం కూడా అంతే ఉంటే, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని తాగడం మానేశాడన్నమాట. నేను చూసిన పిల్లల్లో సగం మంది బడి మానేయడానికి కారణం పాఠాలు కాదు, బాత్రూమే.

రిటైర్డ్ హెచ్‌ఎం, ఒంగోలు | జూన్ 18, ఉదయం 6:15

ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. నా మాట కఠినంగా ఉంటుంది, మన్నించండి. నలభై ఆరు మందిలో పది మందికి ఇంకా కూడికలు తీసివేతలు రావు. పరీక్షల ఫలితాలు తగ్గితే ఆఫీసు మెమో ఇస్తుంది. దాని మీద ఈ బాధ్యత. ప్రత్యేక శిక్షణ ఉన్న టీచర్ని ఇవ్వకుండా "కలిపి చదివించండి" అని కాగితం పంపితే, ఆ బిడ్డకూ న్యాయం జరగదు, మిగతా వాళ్లకూ జరగదు. ప్రత్యేక పాఠశాలలో వాడిని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు. నేను వద్దనడం లేదు. కానీ మంచి మనసు ఒక్కటే ఉంటే క్లాసు నడవదు.

ఆరు చుక్కలు | జూన్ 18, ఉదయం 11:05

నాకు పుట్టుకతో చూపు లేదు. కర్నూలు జిల్లా మాది. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను, ఈ పోస్టులన్నీ స్క్రీన్ రీడర్‌తో వింటున్నాను. నాలుగో తరగతి దాకా అంధుల పాఠశాల, ఆ తర్వాత మామూలు హైస్కూల్లో చదివాను. రెండూ చూశాను కాబట్టి చెప్పొచ్చనుకుంటున్నాను.

అంధుల పాఠశాలలో బ్రెయిలీ నేర్చుకున్నాను. చేత్తో తడిమి లెక్కలు చేసే టేలర్ ఫ్రేమ్ అనే పలక మీద లెక్కలు చేశాను. ఆ పునాది అక్కడ పడకపోతే నేను లేను. హైస్కూల్లో లెక్కల సారు బోర్డు మీద రాస్తూ "దీన్నీ దీన్నీ కూడితే ఇది వస్తుంది, ఇప్పుడు దీన్ని అటు పంపుదాం" అనేవారు. ఏది దీన్ని? ఎటు? క్లాసంతా అర్థమైందనేది, నేనూ అర్థమైందనేవాడిని. సైన్సు మేడమ్ ఒక్కరే రాసే ప్రతి అక్షరం పైకి చదువుతూ రాసేవారు. దానికి పైసా ఖర్చు లేదు, ట్రైనింగ్ అక్కర్లేదు. వెనక బెంచీ వాళ్లకి కూడా ఆమె పాఠమే బాగా అర్థమయ్యేది.

పదో తరగతి తర్వాత ఎంపీసీ అడిగాను. చూపు లేనివాళ్లకి సైన్సు గ్రూపు ఎలా కుదురుతుంది, హెచ్‌ఈసీ తీసుకో అన్నారు. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన, చూపు లేని శ్రీకాంత్ బొల్లాకీ ఇదే ఎదురైంది. ఆయన కోర్టుకు వెళ్లి సైన్సు గ్రూపు సాధించుకున్నాడు, అమెరికాలో ఎంఐటీలో చదివాడు, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. మా ఇంట్లో కోర్టు అనే మాట పలికేవాళ్లు లేరు. నేను హెచ్‌ఈసీ చదివాను. లెక్కలంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

హెచ్‌ఎం గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ ఒక్క విషయం. మీరు వసతి గురించి మాట్లాడుతున్నారు. నన్ను ఆపింది వసతి లేకపోవడం కాదు. నన్ను అడగకుండానే నా తరఫున నిర్ణయం తీసేసుకున్నారు.

బాబు వాళ్లమ్మ, హైదరాబాద్ | జూన్ 18, మధ్యాహ్నం 3:30

మా బాబుకి ఆటిజం, తొమ్మిదేళ్లు. అడ్మిషన్ కోసం పదకొండు ప్రైవేటు స్కూళ్లు తిరిగినం. "సీట్లు అయిపోయినయి" అని చెప్పిన చోట మా చెల్లె ఫోన్ చేసి అడిగితే సీటు ఉందన్నరు. ఆఖరికి చేర్చుకున్న స్కూలు షాడో టీచర్‌ని, అంటే క్లాసులో బాబు పక్కనే ఉండి సాయం చేసే ఆమెను, మీరే పెట్టుకోవాలన్నది. ఆమె జీతం నెలకు పద్దెనిమిది వేలు, స్కూలు ఫీజు కంటే ఎక్కువ. వికలాంగుల హక్కుల 2016 చట్టం సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు కూడా వివక్ష లేకుండా చేర్చుకోవాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాస్టరు గారూ, ఆ తల్లి ఇన్నేళ్లు ఏం విన్నదో ఆలోచించండి. గ్రహణం రోజు బయటికి పోయినవా, ఏ జన్మల పాపమో, మేనరికం చేసుకున్నరా. నన్ను మా ఇంట్లోవాళ్లే అడిగిండ్రు. అట్లాంటి తల్లి బిడ్డను ఎత్తుకుని మీ గడప దాకా వచ్చిందంటే ఎన్ని గడపలు దిగి వచ్చిందో. ఒక్కసారి ఆమెను కూర్చోబెట్టి "మీ వాడికి ఏమిష్టం?" అని అడగండి. ఏం రాదో అందరూ అడుగుతరు. ఏమిష్టమో మా బాబు గురించి నన్ను ఏ టీచరూ అడగలేదు.

నరసరావుపేట నాన్న | జూన్ 18, రాత్రి 8:50

నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ ఎవరూ తిట్టరనే నమ్మకంతో అడుగుతున్నాను. మా పాప క్లాసులో ఒక అబ్బాయి ఉన్నట్టుండి అరుస్తాడు, ఒకసారి పాపని తోసేశాడు. పాప రెండు రోజులు బడికి వెళ్లనని ఏడ్చింది. ఆ తండ్రితో గొడవపడాలని లేదు. కానీ నా పాప సంగతి కూడా నేనే చూసుకోవాలి కదా. మాలాంటి వాళ్లు ఏం చెయ్యాలి?

బాబు వాళ్లమ్మ, హైదరాబాద్ | జూన్ 18, రాత్రి 9:35

అన్నా, అడిగినందుకు కోపం లేదు. అడగకుండా వాట్సాప్ గ్రూపులో రాసేవాళ్లతోనే నాకు కష్టం.

మీ పాప భయం నిజమే, దాన్ని కొట్టిపారేయొద్దు. ఆ బాబు ఎందుకు అరుస్తాడో టీచర్‌ని అడగమనండి. మా వాడికి బెల్లు చప్పుడు తలలో మేకు కొట్టినట్టు ఉంటది. బెల్లు కొట్టే రెండు నిమిషాల ముందు చెవులకి హెడ్‌ఫోన్ పెడితే అరుపు లేదు, తోయడం లేదు. ఇది కనిపెట్టేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాడిని అల్లరి పిల్లోడు అన్నరు.

వీలైతే ఆ బాబుని మీ పాప పుట్టినరోజుకి పిలవండి. మా వాడిని ఇంతవరకు ఎవరూ పిలవలేదు.

నరసరావుపేట నాన్న | జూన్ 18, రాత్రి 9:52

పిలుస్తానమ్మా. సెప్టెంబరులో ఉంది. ఏం తింటాడో, పాటల చప్పుడు ఇబ్బందేమో వాళ్ల నాన్నని ముందే అడుగుతాను.

వరంగల్ పీడీ | జూన్ 19, ఉదయం 7:20

మాది పర్వతగిరి పక్క. కల్లెడ ఊరి జీవాంజి దీప్తి పేరు మీరందరూ విన్నరు. మేధో వైకల్యం ఉన్న అమ్మాయి. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు ఏమేమి పేర్లు పెట్టి ఏడిపించారో ఆమె తల్లిదండ్రులే బయటికి చెప్పిండ్రు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నోళ్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. ఇప్పుడు మా దగ్గర తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి "సార్, మా బిడ్డను కూడా ఉరికించండి" అంటున్నరు. ఇంతకుముందు ఇంట్లో దాచిపెట్టేటోళ్లు. ఆలోచన మారడం నా కళ్లతోని చూసిన.

పీఈటీ పీరియడ్‌లో బాబును చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పులకు కాపలా పెట్టొద్దు. ఇది చాలా బళ్లల్లో జరుగుతది. గ్రౌండ్‌ల కూర్చుని బంతి దొర్లించే ఆట ఆడించండి, అందరినీ కూర్చోబెట్టి. స్కోరు రాసే పని కాదు, ఆటే ఇవ్వాలె.

బాబు వాళ్లమ్మ, హైదరాబాద్ | జూన్ 19, ఉదయం 9:10

దీప్తిని చూస్తే నాకూ కన్నీళ్లు ఆగలేదు అన్నా. కానీ ఒకటి చెప్పాలి. ఆ పరుగు తర్వాత చుట్టాలు ఫోన్ చేసి "మీ వాడిలో కూడా ఏదో గొప్ప టాలెంట్ ఉంటది, వెతకండి" అన్నరు. మా వాడికి అన్నం ముద్ద కలుపుకోవడం మొన్ననే వచ్చింది. వాడు పతకం తేడు. రికార్డు కొట్టని పిల్లలకి కూడా బెంచీ మీద చోటుండాలి. ఊరు ఆ అమ్మాయిని గౌరవించడానికి పారిస్ దాకా ఉరకాల్సి వచ్చింది, నాకు అదే బాధ.

వరంగల్ పీడీ | జూన్ 19, ఉదయం 9:48

నిజమే అక్కా. నేను అట్ల ఆలోచించలేదు.

చేతిభాష | జూన్ 20, రాత్రి 10:15

నేను కొంచెం వేరే మాట చెబుతాను. మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. గుంటూరు దగ్గర పల్లెటూరు మాది. ఊళ్లో బడిలో ఐదేళ్లు చదివాడు. వాడి దస్తూరి ముత్యాల్లా ఉండేది, మాస్టర్లు నోట్‌బుక్ పైకెత్తి క్లాసంతా చూపించేవారు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించేవాడు. ఐదో తరగతిలో ఒకరోజు నేను "అమ్మ" అనే మాట రాసి చూపించి, ఇదేంటో చూపించమన్నాను. వాడికి తెలియలేదు. ఐదేళ్లు బొమ్మలు గీసినట్టు అక్షరాలు గీశాడంతే. హాజరు నూటికి తొంభై ఐదు ఉండేది. కాగితం మీది లెక్కల్లో చూస్తే అందరితో కలిసి చదువుకున్నట్టే.

తర్వాత బధిరుల ఆశ్రమ పాఠశాలకి పంపాం. అక్కడ నలుగురు తనలాంటి పిల్లలు చేతులతో గలగలా మాట్లాడుకుంటుంటే చూసి వాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూడు నెలల తర్వాత సెలవులకి వచ్చి ఇంట్లో ప్రతి వస్తువుకీ సైగ నేర్పించాడు మాకు. మా అమ్మ ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నేర్చుకుంది. ఇప్పుడు భారతీయ సంకేత భాషకి పదివేల మాటల నిఘంటువు ఉంది, మేము ఫోన్లో వీడియోలు చూసి వెతుక్కుంటాం.

అందుకే హెచ్‌ఎం గారు ప్రత్యేక పాఠశాల అంటే నేను వెంటనే కాదనలేను. చట్టం కూడా నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి దగ్గర్లోని బడో, ప్రత్యేక పాఠశాలో ఎంచుకునే హక్కు ఇచ్చింది. వినపడని పిల్లలకి భాష లేని చోట కూర్చోబెట్టి, దాన్ని కలుపుకోవడం అనకూడదు. ఈ బాబు సంగతి వేరు. వాడికి తెలుగు వస్తుంది, వినపడుతుంది. వాడు మాట్లాడేదాకా ఆగి వినేవాళ్లే కావాలి.

ఇంకొకటి టీచర్లందరికీ. పాఠం అర్థం కాకపోతే "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అంటారు క్లాసులో. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అంటారు. మెంటలా నీకు అంటారు. పిల్లలు వెక్కిరింపు మన నోటి నుంచే నేర్చుకుంటారు. దివ్యాంగులు అనాలా, విభిన్న ప్రతిభావంతులు అనాలా అని సభల్లో వాదించుకుంటాం. మా తమ్ముడు వాడి పేరుతో పిలిస్తే చాలంటాడు.

పల్నాడు లెక్కల మాస్టారు | జూన్ 27, రాత్రి 9:20

అందరికీ పేరుపేరునా సమాధానం రాయాలి, ఆలస్యమైంది. ఇటుకలు పెట్టాను. మొదటి రోజే తేడా కనపడింది, తల నిలబడింది. నీళ్ల సీసా కూడా చూశాను. విజయనగరం మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం, మూత తీసిన గుర్తు కూడా లేదు. ఎండాకాలం ఇంకా పోలేదు మాకు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ బిడ్డ చుక్క నీళ్లు తాగకుండా కూర్చుంటున్నాడు, వాడికి నేను పూర్ణాంకాలు చెబుతున్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ప్రత్యేక అవసరాల పిల్లల టాయిలెట్ అని మా బడిలో ఒకటి ఉంది. తాళం వేసి ఉంది. తీయించి చూస్తే లోపల విరిగిన బెంచీలు, పాత పేపర్ల కట్టలు. ఖాళీ చేయించాం. కమోడ్ ఉంది, పట్టుకోవడానికి కడ్డీ లేదు.

పాఠం సంగతి. క్యాలెండర్ అంకెలు కత్తిరించి అట్టల మీద అతికించాను. వాడికి ఒక్కడికే ఇస్తే వేరుగా కనపడతాడని క్లాసులో అందరికీ ఒక్కో సెట్టు చేయించాను, పిల్లలే ఆదివారం కూర్చుని చేశారు. ప్రశ్న అడిగి పది లెక్కపెట్టేదాకా ఎవరూ చెయ్యెత్తకూడదని రూల్ పెట్టాను. ఆ పది లెక్కలో వాడు అట్ట వెతుక్కుని పైకెత్తుతాడు. మొదటి రోజు ఆరు ప్రశ్నల్లో నాలుగు కరెక్టు. ఇంకో విషయం, ఆ పది లెక్క వల్ల ఇంతకాలం నోరు విప్పని ఇంకో ముగ్గురు కూడా చెబుతున్నారు. నా తొందరే వాళ్ల నోరు కట్టేసిందని ఇప్పుడు తెలుస్తోంది.

వాళ్లమ్మని అడిగాను, ఏమిష్టమని. పావురాలంట. ఇంటి డాబా మీద ఎదురింటి వాళ్ల పావురాలు ఎన్నొచ్చాయో రోజూ లెక్కపెడతాడట.

భవిత టీచర్, విజయనగరం | జూన్ 27, రాత్రి 10:00

చాలా సంతోషం మాస్టారూ. ఒక జాగ్రత్త. సాయం చేసే పని ఒకే మంచి పిల్లవాడికి అప్పజెప్పకండి. నెల తిరిగేసరికి ఆ పిల్లవాడికి అది బరువవుతుంది, బాబుకి వాడు స్నేహితుడు కాకుండా ఆయాలా మారిపోతాడు. వారానికి ఇద్దరు చొప్పున మార్చండి, బాబు కూడా ఎవరికో ఒకరికి ఏదో ఒక పని చేసిపెట్టేలా చూడండి.

ఎమ్మార్సీలో, అంటే మండల విద్యా వనరుల కేంద్రంలో, ఎస్కార్ట్ (బడికి తోడు వచ్చేవాళ్లకి), ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సుల గురించి అడగండి. ఆడపిల్లలకైతే నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ కూడా ఉంది. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ లేకపోతే ఇప్పుడే స్లాట్ బుక్ చేయించండి, పరీక్షల్లో వాడి బదులు రాసిపెట్టే స్క్రైబ్ కోసం ఆఖరి నిమిషంలో పరిగెత్తకుండా. గంటకు 20 నిమిషాల అదనపు సమయం కూడా వాడి హక్కే, ఎవరి దయా కాదు.

డాలస్ తెలుగమ్మాయి | జూన్ 28, ఉదయం 8:30

నా కూతురికి డౌన్ సిండ్రోమ్. ఇక్కడ అమెరికాలో 1975లో వచ్చిన చట్టం వల్ల ఏటా స్కూలు వాళ్లు తల్లిదండ్రులతో కూర్చుని పిల్లకి ఏ సాయం ఎంతసేపు ఇస్తారో రాసి ఇవ్వాలి, దాన్ని ఐఈపీ అంటారు. అందరూ అనుకున్నట్టు ఇక్కడంతా స్వర్గమేమీ కాదు. మా పాపని రోజులో ఎక్కువ భాగం వేరే గదిలో ఉంచుతామన్నారు, మామూలు క్లాసులో సైన్సు పీరియడ్ సాధించడానికి రెండేళ్లు మీటింగులు తిరిగాను. కానీ ఆ కాగితం ఉండటం పెద్ద ఆసరా. మాస్టారూ, మీరు కూడా ఒక పేజీ రాసి పెట్టండి. వాడికి ఏది పనిచేసిందో, పది లెక్కపెట్టడం, ఇటుకలు, అట్టలు, అన్నీ. వచ్చే ఏడాది మీకు బదిలీ అయితే కొత్త టీచరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా.

రిటైర్డ్ హెచ్‌ఎం, ఒంగోలు | జూన్ 29, ఉదయం 6:05

పది రోజులుగా చదువుతున్నాను. టీచర్లు చాలరన్న నా మాట మీదే ఇప్పటికీ ఉన్నాను. సుప్రీంకోర్టు కూడా 2021లో ప్రాథమిక స్థాయిలో పది మందికి ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు ప్రత్యేక టీచరు ఉండాలంది. తెలంగాణలో 2024 డీఎస్సీలో 1,016 ప్రత్యేక విద్య పోస్టులు ఇచ్చారు. ఈ పోస్టుల కోసం మన సంఘాలు పీఆర్‌సీ కోసం అడిగినంత గట్టిగా అడగాలి. ఒక మాస్టారి మంచితనం మీద ఎంతకాలం నడుస్తుంది?

కానీ ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 1998లో నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు ఒక తండ్రి పోలియో వచ్చిన కూతుర్ని తొమ్మిదో తరగతిలో చేర్చమని వచ్చాడు. తొమ్మిది, పది క్లాసులు మేడ మీద. మెట్లెక్కలేదు కదయ్యా, వేరే బడి చూసుకో అన్నాను. ఆయన రోజూ ఎత్తుకుని ఎక్కిస్తానన్నాడు. పడితే బాధ్యత ఎవరిదని పంపేశాను. ఆ అమ్మాయి తర్వాత చదవలేదని విన్నాను.

మొన్న ఈ చర్చ చదువుతుంటే తట్టింది. తొమ్మిదో తరగతిని కింది గదిలోకి మార్చి, ఆరో తరగతిని పైకి పంపితే సరిపోయేది. రూపాయి ఖర్చు లేదు, ఒక పూట పని. ఇరవై ఏడేళ్లుగా ఆ ఆలోచనే రాలేదు నాకు. ఆ అమ్మాయి మెట్లెక్కాలా వద్దా అని ఆలోచించాను కానీ, క్లాసు కిందికి దిగొచ్చని అనుకోలేదు.

మాస్టారూ, మీ బడి ర్యాంపు వాలు ఒకసారి కొలవండి. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. నేను కట్టించిన ర్యాంపు నాలుగడుగులే ఉండేది, పిల్లలు దాని మీద జారుడుబండ ఆడేవారు. బిల్లు మాత్రం పాసైంది.

ఆరు చుక్కలు | జూన్ 29, మధ్యాహ్నం 1:15

హెచ్‌ఎం గారూ, ఇది రాయడం తేలిక కాదు. నమస్కారం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో వీలైతే కనుక్కోండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి ఏ వయసులోనైనా రాయొచ్చు.

పల్నాడు లెక్కల మాస్టారు | ఆగస్టు 9, రాత్రి 8:45

చాలామంది ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అన్నీ బాగున్నాయని చెప్పలేను. జూలైలో వానలకి ఎనిమిది రోజులు బడికి రాలేదు, ఆటో వాడు బురదలో రానన్నాడు. ఎస్కార్ట్ అలవెన్సు కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. సోషల్ పీరియడ్‌లో ఇప్పటికీ ఊరికే కూర్చుంటున్నాడు. ఆ సారుతో మాట్లాడాను, మళ్లీ మాట్లాడాలి. అంటుకుంటుందా అని అడిగిన తండ్రి ఇప్పుడు ఏమీ అనడం లేదు, అలాగని బాబు వంక చూడడం కూడా లేదు. వాళ్ల అబ్బాయి మాత్రం వాడి పక్కనే కూర్చుంటాడు.

మొన్న గురువారం గ్రూపు లెక్కలు చేయిస్తున్నాను. ఒకమ్మాయి లేచి గట్టిగా "సార్, వీడు మా గ్రూపు అట్టలు దాచేసి వాళ్ల గ్రూపుని గెలిపిస్తున్నాడు, తొండి" అని ఫిర్యాదు చేసింది. వాడి మీదే. చూస్తే నిజమే, తొమ్మిది అట్ట తువ్వాలు కింద పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. క్లాసంతా వాడి మీద అరిచారు. రెండు నెలల క్రితం ఇదే పిల్లలు వాడి దగ్గర గొంతు తగ్గించి, రోగిని చూడ్డానికి వచ్చినట్టు మాట్లాడేవారు. నేను వాడి గ్రూపుకి రెండు పాయింట్లు కోసేశాను, అందరికీ కోసినట్టే. ఇంటికెళ్లి వాళ్లమ్మకి ఆ సంగతి చెప్పడానికి అరగంట పట్టిందట వాడికి. పెద్దగా నవ్వుతూ చెప్పాడట.

కడ్డీ సంగతి. పూర్వ విద్యార్థి ఒకతను వెల్డింగ్ షాపు పెట్టాడు. పైపుకి పద్నాలుగు వందలు అయింది, కూలి తీసుకోలేదు. రెండు వైపులా బిగించాడు. కిందటి సోమవారం నుంచి సీసా ఖాళీగా ఇంటికి వెళుతోంది.

భవిత టీచర్, విజయనగరం | ఆగస్టు 9, రాత్రి 9:30

మాస్టారూ, ఇక్కడ మా మండలంలో మూడు బళ్లకి చేయించాలి. కడ్డీ ఎంత ఎత్తులో పెట్టారు?

పల్నాడు లెక్కల మాస్టారు | ఆగస్టు 9, రాత్రి 9:41

కొలత చూసి పెట్టలేదు మేడమ్. బాబుని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవడానికి చెయ్యి ఎక్కడ పెడతాడో చూసి, గోడ మీద సుద్దముక్కతో గీత గీశాం. ముందు ఒకవైపే అనుకున్నాం, వాడే రెండో వైపు కూడా చూపించాడు. మీ పిల్లల్ని కూడా తీసుకెళ్లి వాళ్లనే అడగండి. పైపు ఫొటో, వెల్డింగ్ అబ్బాయి నంబరు మెసేజ్‌లో పెడుతున్నాను.